మూత పెడితే లేని రొద

చీమ చిటుక్కుమన్నా వినపడేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. చీమ చిటుక్కుమందామా వద్దా అని ఆలోచించుకుంటున్నప్పుడే వినేవాడు మాత్రం తన బావ ఒక్కడేనని బావమరిది అందరికీ చాటింపు వేసి పెట్టాడు. దాంతో కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరు జీతం కాగితాల మీద మిగిలిపోయి, ఆయన అందరికీ చీమచెవి అయిపోయాడు. ల్యాబు గుమ్మం దగ్గర కాపలా ఉండే మనిషి కూడా "చీమచెవిగారు లోపలే ఉన్నారండీ" అని ఎంతో మర్యాదగా చెప్పేవాడు. అందులో వెటకారం లేదు. ఆ చుట్టుపక్కల దొరికే వెటకారమంతా బావమరిది ఎప్పుడో టోకున కొని దగ్గర పెట్టుకున్నాడు.

నిజానికి ఆయన వినేది చెవులతో కాదు, కళ్ళతో. ఆయన పని కెమెరా చిప్పులు గీయడం. కెమెరాలో అద్దం వెనకాల గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. దాని మీద లక్షల కొద్దీ గుంటలు. వెలుతురు పడితే ఒక్కో గుంటలో రవ్వంత విద్యుత్తు ఊరుతుంది. ఏ గుంటలో ఎంత ఊరిందో కొలిచి వరసగా అంకెలు వేసుకుంటూ పోతే అదే ఫోటో. పట్టపగలైతే ఇది పెద్ద విద్యేమీ కాదు. బిందెడు నీళ్ళు ఎవరైనా కొలుస్తారు. గది మసకగా ఉన్నప్పుడే చిక్కు. గుంటలో చేరేది రెండు చుక్కలైతే, కొలిచే సర్క్యూటు తన చేతి వణుకుతో తానే నాలుగు చుక్కలు కలిపేస్తుంది. ఇక ఆ అంకెలో నిజమెంతో వణుకెంతో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పనివాళ్ళందరూ దాన్ని నాయిస్ అంటారు. చీమచెవి మాత్రం రొద అనేవాడు. తిట్టుకోవడానికి సొంత భాషలో మాటుంటేనే కసి తీరుతుందని ఆయన అభిప్రాయం.

ఆ రొద అణచడానికి ఆయన ఒక సర్క్యూటు ఆలోచించాడు. నూనె తూచే ముందు ఖాళీ గిన్నెను తూచినట్టు, గుంట నిండకముందు ఒకసారి, నిండాక ఒకసారి చదివి, రెండోదానిలోంచి మొదటిది తీసేయడం అందరూ చేసేదే. ఈయన ఇంకో మెట్టు ఎక్కాడు. గుంట పక్కనుండే కొలత తీగను ఎంత పొట్టిగా, ఎంత సన్నగా గీశాడంటే, అందులో ఒక్క చుక్క పడ్డా బిందె దొర్లినంత మోత మోగుతుంది. ఇక ఆ మోత ముందు సర్క్యూటు వణుకు ఏపాటిది? ఆలోచన అంతే. చెప్పుకుంటే నాలుగు వాక్యాలు. చేయబోతే సగం జీవితం. ఆ సర్క్యూటును చంకన పెట్టుకుని మూడు కొలువులు మారాడు. మొదటిచోట బాగుందని మెచ్చుకుని సొరుగులో పెట్టారు. రెండోచోట సొరుగుతో సహా కంపెనీనే అమ్మేశారు. మూడోది ఈ ల్యాబు. మూడు గదులు, ఒక వరండా, ధైర్యం ఎక్కువైన ఒక యజమానురాలు. ఆవిడ మాత్రం మొత్తం విని, "సరే, చేద్దాం" అంది.

ఇంట్లో ఆయన భార్య ఆ సర్క్యూటుకు సవతి అని పేరు పెట్టింది.

"ఏం చేస్తోందండీ మా సవతి? అలిగిందా, అన్నం తిన్నదా?" అని అడిగేది వడ్డిస్తూ.

"ఇవాళ కొంచెం కుదురుగా ఉంది" అనేవాడు ఆయన, ముద్ద నోట్లో పెట్టుకుంటూ, నిజంగా ఎవరి గురించో చెబుతున్నంత శ్రద్ధగా.

కళ్ళ డాక్టర్లు వాడే కెమెరాలు చేసే ఒక కంపెనీ ఈ చిప్పు మీద కన్నేసింది. కంటి లోపలి పొరను ఫోటో తీయాలంటే కంట్లోకి మెరుపులాంటి వెలుతురు కొట్టాలి. ముసలివాళ్ళు ఉలిక్కిపడతారు, చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. మిణుకుమనే దీపంతోనే బొమ్మ వస్తే ఆ బాధ ఉండదు. వాళ్ళొచ్చి చూసి సరేనంటే చిప్పు కెమెరాలోకి ఎక్కుతుంది. కాదంటే ల్యాబుకు తాళం. యజమానురాలు ఆ సంగతి దాచలేదు. ల్యాబు మూసేస్తే ఆ సర్క్యూటు మళ్ళీ సిలికాన్ ముఖం చూడదు. ఆయన వయసు వాణ్ణి, అందులోనూ ఒకటే పాట పాడేవాణ్ణి, నాలుగో కొలువులోకి తీసుకునే పుణ్యాత్ములు ఎవరూ లేరు. అదీ ఆయనకు తెలుసు.

ఇక మూత కథ.

చిప్పు రొద కొలవాలంటే ముందు దాని కన్ను మూయాలి. బొట్టు వెలుతురు కూడా పడకుండా మూతపెట్టి, ఆ చీకట్లో అది ఏమేం కూస్తుందో చూడాలి. చీకటిని చూపిస్తే సున్నాలే రావాలి కదా. సున్నా కానిదంతా రొదే. ఈ వృత్తిలో ఎవరైనా ఇలాగే కొలుస్తారు. ల్యాబులో ఉన్న ప్లాస్టిక్ మూత అంచుల్లోంచి వెలుతురు కారేది. పరీక్షల బల్ల దగ్గర కూర్చునేది బావమరిది. అక్క మొగుడి కష్టం చూడలేక, తెలిసిన లేత్ మిషను పనివాడి దగ్గర కూర్చుని, ఇత్తడి మూత ఒకటి తిప్పించుకొచ్చాడు. అంచు చుట్టూ సన్నటి స్ప్రింగు నాలుకలు. నొక్కితే చిప్పు బిగించిన బోర్డును కరుచుకుని కూర్చుంటుంది.

"ఇదుగో బావా, నీ సవతికి కిరీటం" అన్నాడు.

"నా సవతి కాదురా, మీ అక్కకి సవతి" అన్నాడు చీమచెవి. మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, ముచ్చటపడిపోయాడు.

ఆ మూత వచ్చిన వేళ మంచిదో ఏమో, అప్పటినుంచి, ఫోటోకి చాలని చిన్న పరీక్ష చిప్పు మీద అంకెలు దిగడం మొదలుపెట్టాయి. ప్రతి మార్పుకూ రొద కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. సగమైంది, పావైంది, చివరికి ఆయన కాగితం మీద కలగన్న అంకె కంటే కిందికి వచ్చింది. యజమానురాలు మిఠాయి పెట్టె తెప్పించింది. చిప్పు నమూనాను ఫ్యాక్టరీకి పంపించేశారు. ఒకసారి అచ్చుకు వెళ్ళాక చిప్పును దిద్దడమంటే, పుట్టిన బిడ్డకు మళ్ళీ ముక్కు చెక్కినట్టే.

చిప్పులు వచ్చాయి. మూతపెట్టి కొలిచారు. బంగారం. లెన్సు బిగించి, గదిలో కర్టెన్లు దించి, మసకలో ఒక పూలకుండీని ఫోటో తీశారు. తెర మీద పూలకుండీ వచ్చింది. దాని మీద అడ్డంగా, పైనుంచి కిందిదాకా, నీళ్ళలో తడిసిన దుప్పటి మీద మడతల్లా చారలు.

"కేబులు వదులైనట్టుంది" అన్నాడు బావమరిది.

కేబులు మార్చారు. చారలు. లెన్సు మార్చారు. చారలు. బోర్డు మార్చారు, చిప్పు మార్చారు. పూలకుండీని కూడా మార్చబోయాడు బావమరిది. చీమచెవి కసురుకున్నాడు. లెన్సు తీసి ఇత్తడి మూత పెట్టారు. తెర నల్లగా, నున్నగా, కడిగిన పలకలా అయిపోయింది. మూత తీసి, దీపాలన్నీ ఆర్పి, నల్లగుడ్డ కప్పారు. అదే చీకటి. కానీ చారలు.

చీమచెవి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇత్తడి మూత మళ్ళీ పెట్టి, గోరుతో ఒక పక్క కొంచెం లేపాడు. నాలుగు నాలుకలు బోర్డును వదిలాయి. తెర మీద ఒక పక్కనుంచి చారలు మెల్లగా పైకి తేలాయి. వేలు వదిలాడు. మునిగిపోయాయి. మళ్ళీ లేపాడు. మళ్ళీ తేలాయి. చాలాసేపు అలాగే ఆడించాడు.

"ఏంటి బావా, అలా చూస్తావేం?"

"ఒరేయ్, నీ మూత చుట్టూ నాలుకలు దేన్ని కరుచుకుంటున్నాయి?"

"బోర్డు అంచును. ఎర్తు పట్టీని." అని అక్కడే ఆగిపోయాడు. అతనూ ఆ విద్యలోనే పుట్టి పెరిగినవాడు. రెండో మాట చెప్పక్కర్లేకపోయింది.

ఇత్తడి మూత వెలుతురునే కాదు, గాలిలో తిరిగే విద్యుత్తు సద్దునంతటినీ ఆపేసి, ఎర్తు ద్వారా భూమిలోకి దిగ్గొడుతోంది. రొద కొలవడానికి మూసిన మూతే రొదను మింగేస్తోంది. మూత తీస్తేనే ఫోటో. మూత పెడితేనే నిశ్శబ్దం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇన్నాళ్ళూ వీళ్ళు చిప్పు కళ్ళు మూసి లోకం నిద్రపోతోందనుకున్నారు. దిగిన అంకెల్లో ఎంత సర్క్యూటు గొప్ప, ఎంత ఇత్తడి గొప్ప అన్నది ఇప్పుడు తేల్చేవాళ్ళు లేరు.

పైగా ఈ చిప్పు చెవికి అంత పదును పెట్టింది ఆయనే. ఒక్క చుక్కకు మోగాలని సన్నం చేసిన తీగ, చుక్కకు మోగినట్టే పక్కన తుమ్మినా మోగుతుంది. మామూలు చిప్పు అయితే మొద్దు చెవిది, ఇవేమీ పట్టించుకోదు. ఒక వరస గుంటలన్నీ ఒక్క క్షణంలో చదువుతారు కాబట్టి, ఖాళీ తూకానికీ నిండు తూకానికీ మధ్య బయట ఏది కదిలినా ఆ వరస మొత్తం అదురుతుంది. అదే చార.

"తప్పు నాది బావా. మూత నేనే చేయించాను" అన్నాడు బావమరిది.

"నువ్వు మూత చేయించావు. అంకె చూసి ఎగిరింది నేను. అంకె మరీ బాగా వస్తే అనుమానపడాలని నీకు నేర్పింది కూడా నేనే" అన్నాడు చీమచెవి. ఆ మాట నేర్పినప్పుడు ఎంత గంభీరంగా చెప్పాడో గుర్తొచ్చి, మూత తీసి బల్ల మీద బోర్లించాడు.

యజమానురాలు అంతా విన్నది. మిఠాయి తెప్పించినప్పటి ముఖం కాదు.

"మళ్ళీ అచ్చు వేయించడం కుదరదండీ" అంది. "అడక్కండి నన్ను. వాళ్ళు వచ్చేలోగా ఈ చిప్పుతోనే ఏదైనా చేయగలిగితే చేయండి. లేకపోతే నేనూ మీలాగే ఇంకో పని వెతుక్కోవాలి."

అక్కడినుంచి మొదలైంది యుద్ధం. మొదట బోర్డు మీద కరెంటును దంచి సన్నం చేసే చిన్న యంత్రాన్ని, చిప్పు చదివే క్షణంలో నోరు మూసుకునేలా చేశారు. చారలు సగం తగ్గాయి. చంకలు గుద్దుకునేలోపు మిగతా సగం ఎక్కడిదో తెలిసింది. పైకప్పు దీపాలు. వాటిని ఆర్పితే లెన్సును తిప్పే మోటారు. దాన్ని ఆపితే వరండా చివర లిఫ్టు. అటకెక్కించాల్సిన పాత ఫ్యాను ఒకటి, రెండు గోడల అవతల తిరుగుతూ కూడా తన చార తాను వేసి పోయేది. బావమరిది జేబులో ఫోను మోగడానికి ముందే తెర మీద లావుపాటి చార పడేది. "అక్క చేస్తోంది" అనేవాడు అతను చార వంక చూసి. మోగేది. అక్కే. చారను బట్టి అక్క కోపంలో ఉందో లేదో కూడా చెప్పగలనని కాపలామనిషి దగ్గర కోతలు కోశాడు. ఆయన నమ్మి, తన ఇంటి చార ఎలా ఉందో చూసిపెట్టమన్నాడట.

పారదర్శకమైన లోహపు పూత పూసిన అద్దం ఒకటి తెప్పించి, చిప్పు ముందు బిగించి ఎర్తు చేశారు. చారలు నిజంగానే తగ్గాయి. అయితే ఆ అద్దం వెలుతురునూ మింగింది. లెక్కవేసి చూస్తే, బజారులో దొరికే మొద్దు చిప్పుకూ దీనికీ తేడా లేకుండా పోయింది.

చివరి ఆశ అంచు గుంటలు. ప్రతి చిప్పు అంచుల్లోనూ కొన్ని గుంటలకు పుట్టుకతోనే లోహపు పొర కప్పి ఉంటుంది. చీకటంటే ఏమిటో చిప్పుకు తెలియడానికి పెట్టేవి అవి. ఒక వరస అదిరితే ఆ గుంటలూ అదరాలి. వాటి అదురును మిగతావాటిలోంచి తీసేస్తే చార పోవాలి. తీసి చూశారు. చార చెక్కుచెదరలేదు. అంచు గుంటల మీద ఉన్నదీ లోహమే కదా. పక్కన ఇల్లు కూలుతున్నా, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్న సాక్షుల్లా అవి "మాకేమీ వినపడలేదండీ" అన్నాయి.

ఒక సెలవురోజు పొద్దున చీమచెవి బోర్డును సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. బ్యాటరీతో నడిచేలా కట్టాడు. కర్టెన్లు దించాడు. ఫ్యాన్లు, దీపాలు, రూటరు, గోడగడియారం, ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చి ఫ్రిజ్ ప్లగ్గు మీద చేయి వేశాడు.

"అందులో పాలున్నాయండీ" అంది భార్య.

"ఒక్క గంట."

"ఊపిరి తీసుకోవచ్చా? అదీ ఆపమంటారా?"

"మెల్లగా తీసుకో" అన్నాడు ఆయన, వేళాకోళమని తెలియక.

ఆవిడను కర్టెన్ పక్కన కూర్చోబెట్టాడు. గదిలో ఎంత మసక అంటే, ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఉందని తెలుస్తుంది గాని ఎవరిదో తెలియదు. మీట నొక్కాడు.

చార లేదు. ఒక్కటి కూడా లేదు. ఆ మసకలోంచి ఆవిడ ముఖం, కనురెప్పల వెంట్రుకలతో సహా, చెంప మీది పాత మచ్చతో సహా, పైపెదవి మీద చెమటతో సహా, మెత్తగా పైకి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆయన నోటితో చెబుతూ వచ్చినదంతా ఆ బొమ్మలో ఉంది. ఏదీ అతిశయోక్తి కాదు.

ఆవిడ తెర దగ్గరికి వచ్చి చాలాసేపు చూసుకుంది.

"ఇలా ఉంటానా నేను?"

"ఇలాగే ఉంటావు."

"మంచిదేనండీ మా సవతి" అంది ఆవిడ నెమ్మదిగా. దాన్ని మంచిదని అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

ఆయన ఇంకొక్కటి తీద్దామని మీట నొక్కాడు. అదే క్షణంలో పక్కింట్లో మిక్సీ తిరిగింది. ఆవిడ నుదుటినుంచి గడ్డం దాకా, అద్దం పగిలినట్టు చారలు. మిక్సీ ఆగేదాకా కూర్చున్నారు. ఆగాక పైఇంటివాళ్ళు మోటారు వేశారు. అదీ అయ్యాక వీధిలో ఎవరో ఏదో నడిపారు. పాలు విరిగిపోయాయి.

"వెళ్ళి కాసేపు ఆపమని అడిగి రానా?" అంది భార్య.

"పక్కింటివాళ్ళను అడుగుతావు. ఆసుపత్రిలో ఎవరిని అడుగుతాం?" అన్నాడు ఆయన. ఆసుపత్రి అంటేనే యంత్రాల సంత. అక్కడ ఊపిరి కూడా కరెంటు మీద నడుస్తుంది. లోకమంతా చచ్చిపడి ఉంటే తప్ప ఈ చిప్పు బతకదు. ఆ మాట ఆవిడతో అనలేదు. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టి, గిన్నె కడుక్కొచ్చాడు.

వాళ్ళు రానే వచ్చారు. కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి, ఆయనతో ఒక కళ్ళ డాక్టరమ్మ. డాక్టరమ్మ చేతిలో చిన్న పెట్టె. అందులో గాజుతో చేసిన నమూనా కన్ను. దాని వెనక గోడ మీద ఎర్రటి రక్తనాళాలు, వాటి మధ్య అక్కడక్కడ ఎర్రటి చుక్కలు, చీమ తలంత, ఇంకా కొన్ని అంతకంటే చిన్నవి, సన్నటి కుంచెతో దిద్ది ఉన్నాయి.

"చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ కంట్లో మొదట వచ్చేవి ఈ చుక్కలే. ఇవి కనపడితే చూపు నిలబెడతాం. కనపడకపోతే వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి మేం చేయగలిగింది పెద్దగా ఉండదు" అంది డాక్టరమ్మ, కుర్చీలో కూర్చుంటూ.

"ముందు చీకటి అంకె చూపిస్తారా?" అన్నాడు పెద్దమనిషి.

ఇత్తడి మూతతో అంకె చూపించారు. పెద్దమనిషి కనుబొమలు పైకెక్కాయి. యజమానురాలు నేలకేసి చూస్తోంది. తర్వాత మూత తీసి, లెన్సు పెట్టి, గాజుకన్ను ఎదురుగా మిణుకు దీపం పెట్టారు. పైకప్పు దీపాలు ఆర్పలేదు. ఆర్పితే ఎందుకని అడుగుతారు. బావమరిది మీట నొక్కాడు. చీమచెవి రాబోయే చారల కోసం, దెబ్బ పడబోయే వీపులా ఒళ్ళు బిగపట్టుకున్నాడు.

బొమ్మ వచ్చింది. చారలు లేవు.

రెప్పపాటు కాలం, నిజంగా రెప్పపాటే, ఆయన గుండె ఎగిరింది. తర్వాత రక్తనాళాల అంచులు చూశాడు. మైనం కరిగినట్టు మరీ నున్నగా ఉన్నాయి. బావమరిది మెడ వెనక ఎర్రబడి ఉంది. కంప్యూటరులో చారలను చెరిపే నునుపు ప్రోగ్రాం ఒకటి ఉంది. బావాబావమరుదులే ఎప్పుడో ప్రయత్నించి పక్కన పడేసిందే. చారనూ సన్నటి గీతనూ అది వేరుచేసి చూడలేదు. రెండింటినీ కలిపి ఇస్త్రీ చేసేస్తుంది. బావమరిది చెప్పాపెట్టకుండా దాన్ని వేశాడు.

"బాగుందే" అన్నాడు పెద్దమనిషి. "చాలా బాగుంది. ఇంత తక్కువ వెలుతురులోనా?"

డాక్టరమ్మ చీమచెవి వైపు తిరిగింది. "ఇది చిప్పు ఇచ్చిన బొమ్మేనా అండీ? మధ్యలో ఏమీ తుడవలేదు కదా?"

ఆయన నోరు తెరిచాడు. ఇంతకాలం కొలతల విషయంలో ఆ నోట ఒక్క తప్పు మాట రాలేదు. దశాంశాల్లో ఆఖరి అంకెను సర్దడానికి కూడా ఒప్పుకునేవాడు కాదని జనం నవ్వుకునేవారు.

"చిప్పు ఇచ్చిందేనండీ" అన్నాడు.

బావమరిది తల తిప్పి ఆయన్ను చూశాడు. యజమానురాలు కూడా చూసింది. డాక్టరమ్మ మాత్రం సరేనని తల ఊపి, పెన్ను మూతతో తెర మీద చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొందరేమీ పడలేదు. ఒక మూలనుంచి మొదలుపెట్టి, నాళం వెంట నాళం, పెదవులు కదుపుతూ. ఒకచోట ఆగింది. గాజుకన్ను తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్ళీ తెర చూసింది.

"పెద్దవన్నీ ఉన్నాయి. చిన్నవి ఒక్కటీ లేదు" అంది.

బావమరిది మీట మీదినుంచి చేయి తీసేశాడు.

"అవి లేకపోతే నాకు ఈ కెమెరాతో పనిలేదండీ. పెద్దవి నేను మామూలు టార్చితో కూడా చూస్తాను." ఆవిడ గొంతులో కోపం లేదు. "తుడవని బొమ్మ ఒకటి చూపిస్తారా?"

చూపించారు. చారల మధ్య చిన్న చుక్కలు ఉన్నాయనుకుంటే ఉన్నాయి, లేవనుకుంటే లేవు. డాక్టరమ్మ దగ్గరికి జరిగి, దూరం జరిగి చూసి, గాజుకన్నును దూదిలో పెట్టి పెట్టె మూసింది. వెళ్ళే ముందు చీమచెవి దగ్గర ఆగింది. ఏదో అడగబోయి మానుకుంది. అడిగి ఉంటే బాగుండేదని ఆయనకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

వాళ్ళను గుమ్మం దాకా సాగనంపి యజమానురాలు తిరిగి వచ్చింది. "రేపు సామాను సర్దడానికి అట్టపెట్టెలు తెప్పిస్తాను" అని మాత్రం అంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే అదీ కొంత ఊరటగా ఉండేది. మిగిలిన చిప్పులను ఏం చేయాలని బావమరిది అడిగాడు. ఆవిడ చేత్తో ఏదో సైగ చేసింది. పారేయమనో, మీ ఇష్టమనో.

బావాబావమరుదులిద్దరూ బస్సు స్టాపులో నిలబడ్డారు. సాయంత్రపు జనం. బావమరిది బావ పక్కకు జరిగి నిలబడ్డాడు.

"బావా, నునుపు వేసింది నేనే."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"చారలు కనపడనప్పుడే. నా చిప్పు అంత మంచిది కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

"డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు నన్ను పట్టిస్తావనుకున్నాను. పట్టిస్తే పోయేది నా పరువే కదా, అది ఎటూ లేదు అనుకున్నాను. నువ్వు అబద్ధం ఆడటం నేనెప్పుడూ చూడలేదు బావా."

చీమచెవి రోడ్డు వైపే చూస్తున్నాడు.

"నీ కోసం కాదురా. నిన్ను కాపాడదామని ఆడలేదు. అది వేసుకోకు నీ ఖాతాలో."

"మరి?"

"ఆవిడ పెన్ను ఎత్తినప్పుడు మొక్కుకున్నాను. లెక్కపెట్టకుండా లేచిపోతే బాగుండునని. పెద్దవి చూసి తృప్తిపడితే చాలునని."

"ఎవరైనా అనుకుంటారు బావా."

"ఎవరైనా కాదు. ఆ చిన్న చుక్క కనపడకపోతే ఏమవుతుందో ఆవిడ అంతకుముందే చెప్పింది, నేను విన్నాను. ఎవరో ఒక ముసలమ్మ, ఏమీ లేదన్నారమ్మా అని నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేది. అదంతా తెలిసే మొక్కుకున్నాను. చిప్పు కెమెరాలోకి ఎక్కితే చాలనుకున్నాను."

బావమరిది సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"అక్కతో ఏం చెప్దాం?" అన్నాడు చివరికి.

"అయిపోయిందని చెప్పు. నేను మొక్కుకున్న మాట చెప్పకు."

"చెప్పను."

బస్సు వచ్చింది. మెట్ల మీదిదాకా మనుషులు వేలాడుతున్నారు. తర్వాతది ఎక్కుదామన్నాడు బావమరిది. చాలాసేపటికి వచ్చిన ఆ తర్వాతదీ అలాగే ఉంది. ఇంకెంతసేపని, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ అందులోనే ఎక్కారు.